ఆ వేలిముద్ర ఎవరిది?

మేము చదివింది తమిళ మీడియం, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

హిట్లర్ కాలంలో యూదులను చావు శిబిరాలకు తోలిన రైళ్లకు జర్మన్ రైల్వే చార్జీ వసూలు చేసింది. మూడో తరగతి రేటు, పిల్లలకు అర టికెట్టు! బుకింగ్‌లో కూర్చున్నవాళ్లం, ఆ అర టికెట్టు దగ్గరే మాకు గుండె పట్టేస్తుంది. ఆ లెక్క తప్పు లేకుండా రాసిన గుమాస్తా ఒకడు ఉండే ఉంటాడు.

ఆష్విట్జ్‌లో రైలు దిగినవాళ్లను పనికి కొందరు, చావుకి కొందరు అని వేరుచేసింది డాక్టర్లే. అంతకుముందు మానసిక రోగులనైతే మనిషిని చూడకుండానే, ఫారం మీద ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ గుర్తు పెట్టి చంపించారు. 1947లో నూరెంబర్గ్ కోర్టు ఏడుగురికి ఉరిశిక్ష వేసింది. మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలన్న నియమం ఆ తీర్పులోదే.

మన దగ్గర అంత ఘోరం లేదు, ఆ పోలిక పెట్టడం లేదు. కానీ 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు పరిశీలన కోసం హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలామంది తరపున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకాతో మాకు పేచీ లేదు, ఆ సంతకంతోనే.

ఇక మన ఇడపనూరు. పోయిన నెల శిబిరంలో ఇంగ్లీషు ఫారాల మీద ముసలమ్మల వేళ్లు పట్టుకుని ముద్రలు వేయించింది మేమే. రక్తం దేనికని ఒక పెద్దమ్మ అడిగితే, "వేయమ్మా, లైను పెద్దదుంది" అన్నాం. కౌంటర్లో 30 ఏళ్లు అన్న మాటే లెండి.

వచ్చే శిబిరంలో తెలుగులో, కన్నడంలో చదివి వినిపించాకే ముద్ర. ఆలస్యమైతే కానివ్వండి. చదవడానికి ఇద్దరు కావాలి, పేర్లు చెప్పండి.