ఎత్తు చూసి కాదు, వేరు చూసి మొక్క కొనండి

తొలకరి పడగానే మామిడి, సపోటా, జామ అంట్ల కోసం నర్సరీలకు బయలుదేరతాం. వరసగా పేర్చిన సంచుల్లో మన కన్ను దేని మీద పడుతుంది? ఏపుగా, నిలువెత్తున ఉన్న మొక్క మీదే. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే, పెద్ద మొక్క అయితే కాపు తొందరగా వస్తుందని ఆశ. రైతు సోదరులారా, ఈ ఆశే మనల్ని ముంచుతోంది. మనం డబ్బు పెట్టేది కొమ్మకు, బతకాల్సింది వేరు. ఆ వేరేమో నల్ల సంచిలో ఉండి కంటికి కనబడదు.

సంచిలో మొక్క ఏడాది దాటి ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించండి. వేరు కిందికి పోతుంది. అడుగు తగలగానే పక్కకు తిరుగుతుంది. అక్కడా దారి లేక సంచి చుట్టూ తిరిగి తిరిగి చాపచుట్టలా చుట్టుకుంటుంది. మట్టి తగ్గి వేళ్లు పెరుగుతాయి. మట్టి తక్కువైతే నీరు నిలిచే చోటూ తక్కువే. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి అయిపోయి ఆకు వేలాడుతుంది. మళ్లీ పోస్తాం. ఒకసారి బాగా ఎండిన మట్టిగడ్డ కుంచించుకుపోయి సంచికీ గడ్డకూ మధ్య సందు పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు చిల్లుల్లోంచి బయటికి పోతాయి. పైన తడి, నడుమ పొడి. ‘రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా, వాడిపోతోంది’ అని మొత్తుకునే వారిలో చాలామంది సంగతి ఇదే.

అటువంటి మొక్క ఇంటికి వచ్చేసిందా? యూరియా వేయకండి. వాడిన మొక్కకు ఎరువు మేలు చేయదు, వేళ్లను మాడుస్తుంది. ముందు ఓ పుల్ల గడ్డ నడిమికి గుచ్చి చూడండి. తడిమట్టి అంటుకుని వస్తే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోందని అనుమానించాలి. అప్పుడు నీళ్లు ఆపి నీడన ఉంచండి. పుల్ల పొడిగా వస్తే సంచితో సహా మొక్కను నీళ్ల తొట్టిలో మట్టి మునిగేదాకా దించండి. బుడగలు ఆగేవరకు, సుమారు పావుగంట సేపు ఉంచి తీసి, నీళ్లు ఓడనిచ్చి చెట్టు నీడన పెట్టండి. సాయంత్రానికి ఆకు నిలబడితే బతికే మొక్కే.

వాన ఆలస్యమై ఇప్పుడే నాటే వీలు లేదనుకోండి. అదే ఇరుకు సంచిలో ఉంచి రోజూ నీళ్లు పోయడం కన్నా, చుట్టూ రెండేసి వేళ్ల వెడల్పు ఎక్కువ ఉన్న సంచిలోకి మార్చడం నయం. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. ముందు రోజు తడిపి, మర్నాడు చల్లపూట ఈ పని చేయాలి. కాండం పట్టి లాగకూడదు. బ్లేడుతో సంచిని నిలువుగా కోసి విప్పాలి. అడుగున చుట్టలు తిరిగిన వేళ్లను పదునైన కత్తితో తీసేసి, గడ్డ పక్కల రెండు మూడు చోట్ల పైపైన నిలువు గాట్లు పెట్టండి. అక్కడినుంచి కొత్త వేళ్లు బయటికి సాగుతాయి. మట్టంతా దులిపేస్తే మాత్రం మామిడి అంటు బతకదు. బొప్పాయి వేరు ఈ మోటుపనికి అసలే ఓర్చదు. దాన్ని చిన్నగా ఉన్నప్పుడే నాటుకోవాలి, ముదిరితే వదిలేయాలి.

గుంతలో నాటేటప్పుడూ ఇదే పద్ధతి. కొందరు సంచి అడుగు మాత్రం చింపి అలాగే దించేస్తారు. అది మొక్కను జైల్లో పెట్టడమే. సంచి పూర్తిగా తీసేయాలి. అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి. నాటిన కొత్తలో నీళ్లు పాదు అంచుల్లో పోస్తే చాలదు. వేళ్లు ఇంకా సంచి మట్టి గడ్డలోనే ఉంటాయి కాబట్టి మొదలు దగ్గర ఆ గడ్డ నానేలా పోయాలి. పక్కన ఓ కర్ర పాతి కట్టండి.

ఇదంతా చక్కదిద్దుకునే పని. అసలు ఆ అవసరమే రాకుండా చూసుకోవడం మంచిది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు పెద్దలు. వేరు సంగతిలో దీన్ని తిరగేసి చదవాలి. మొక్కప్పుడు వంగిన వేరు మానై నిటారవదు. ముదిరిన చుట్టవేరు లోపలే లావెక్కుతుంది. చెట్టు పైకి బాగానే కనిపిస్తుంది. తీరా కాపుకొచ్చే వేళ ఓ గాలివానకు ఒరిగిపోతుంది. పది మీటర్ల ఎడంతో ఎకరానికి పట్టేవి నలభై మామిడి మొక్కలే. ఉన్న ఎకరంలో పది పోతే పావు వంతు తోట పోయినట్టే. మొక్క ధర మళ్లీ పెట్టగలం, పోయిన అయిదేళ్లు ఎవరిస్తారు?

అందుకే నా మాట ఇది. కడియం నుంచి వచ్చినా, పక్క ఊరి నర్సరీ నుంచి వచ్చినా, లోడులో రెండు మూడు సంచులు కోసి వేరు చూడనిదే బేరం తెగ్గొట్టకండి. అవసరమైతే ఆ మొక్కలకు డబ్బిచ్చేయండి, నష్టం లేదు. అడుగున వేళ్లు చిల్లుల్లోంచి బయటికి వచ్చి నేలలో పాతుకుని ఉంటే ఆ వరస వదిలేయండి. అంటు కట్టి ఏడాది లోపు ఉన్న జానెడు, మూరెడు మొక్కే మేలు. ఉమ్మడి రాష్ట్రంలో నర్సరీల నియంత్రణకు 2010లో చట్టం వచ్చింది. రిజిస్టరైన నర్సరీలోనే కొని, రకం పేరు రాయించి బిల్లు అడగండి. అంటు కట్టిన నెల కూడా దాని మీద రాయమనండి.

నర్సరీ వారిని ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. పెద్ద మొక్కే కావాలని మనం అడుగుతుంటే, నిరుడు మిగిలిన మొక్కను వారెందుకు పారేస్తారు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద సన్న, చిన్నకారు రైతుల చేలల్లోనూ పండ్ల మొక్కలు నాటించారు. ఏ పథకంలోనైనా ఎన్ని నాటారన్న లెక్క కన్నా మూడో ఏట ఎన్ని నిలిచాయన్న లెక్కే ముఖ్యం. లారీ దిగిన రోజే రైతుల ఎదుట సంచి కోసి వేరు చూపించి సంతకం పెట్టించాలి. ఈ సీజన్‌లో మీ ఊరికి మొక్కల లారీ వస్తే, కత్తి పట్టుకుని ముందు మీరే అడగండి.