మన పౌరసత్వానికి పునాది వేసినవాళ్ళు

"మనం చదువుతో, కష్టంతో పైకొచ్చాం. ఈ దేశంలో ఎవరికీ రుణపడిలేం" అన్న మాట అమెరికాలోని మనవాళ్ళ నోట తరచు వింటుంటాను. మొదటిది నిజమే. రెండోదానితోనే నాకు పేచీ.

నల్లవాళ్ళు ఈ దేశ పౌరులు కానేకారని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును చెరిపేసింది 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ. ఇక్కడ పుట్టినవాళ్ళు పౌరులన్నది. చట్టరక్షణ అందరికీ సమానమన్నది. ఆ రెండో హామీ ఇచ్చింది "పౌరుడి"కి కాదు, "మనిషి"కి. గ్రీన్‌కార్డు లేనివాళ్ళకు కూడా అది వర్తించేది అందుకే.

ఈ సవరణ ఊరికే రాలేదు. బానిసత్వం పోవాలంటూ 1831లో విలియం లాయిడ్ గారిసన్ "లిబరేటర్" పత్రిక పెట్టారు. 1835లో బోస్టన్‌లోనే అల్లరిమూక ఆయన్ని తాడుకట్టి వీధిలో ఈడ్చింది. 1840 అధ్యక్ష ఎన్నికల్లో బానిసత్వాన్ని వ్యతిరేకించిన లిబర్టీ పార్టీకి పడ్డవి సుమారు 7 వేల ఓట్లు. అయినా వాళ్ళు వదల్లేదు. అంతర్యుద్ధంలో లక్షలమంది చనిపోయాక, 1865లో బానిసత్వం రద్దయింది.

వాళ్ళలో కొందరు అక్కడితో ఆగలేదు. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్, చైనా నుంచి వచ్చేవాళ్ళకు కూడా పౌరసత్వం, ఓటు ఇవ్వాలని 1869లో వాదించారు. 1870లో సెనేటర్ చార్లెస్ సమ్నర్, విదేశాల్లో పుట్టినవాళ్ళకు పౌరసత్వమిచ్చే చట్టంలోంచి "తెల్ల" అన్న మాటే తీసెయ్యమన్నారు. సెనేట్ ఒప్పుకోలేదు. ఆఫ్రికా సంతతివాళ్ళకు దారి దొరికింది, ఆసియావాళ్ళకు దొరకలేదు. మిగిలిపోయిన ఆ ఒక్క మాటను చూపించే 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ పౌరసత్వానికి అర్హుడు కాడన్నది. భారతీయులకు ఆ తలుపు తెరుచుకున్నది 1946లో.

ఇది పాత కథ అనుకోకండి. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, ఇక్కడ పుట్టే బిడ్డ పౌరుడు కాడంటూ అధ్యక్షుడు ట్రంప్ 2025 జనవరి 20న ఉత్తర్వు ఇచ్చారు. హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలూ అందులోకి వస్తారు. కోర్టుల్లో దాన్ని ఎదిరించినవాళ్ళ చేతిలోని ఆయుధం ఆ 14వ సవరణే.

డగ్లస్‌కు, సమ్నర్‌కు మనతో ఏ చుట్టరికమూ లేదు. అయినా తమవాళ్ళు కానివాళ్ళ కోసం నిలబడ్డారు. రేపు ఇంకెవరి హక్కులో పోతుంటే "మనకెందుకులే" అనే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఓటున్నవాళ్ళు ఓటు వెయ్యండి. లేనివాళ్ళు గొంతు విప్పండి. ఆ రుణం తీర్చే దారి నాకు తెలిసి ఇదొక్కటే.