పట్టింది కదా అని పేల్చేయకండి

మొన్న సంక్రాంతి సెలవులకి మినెసోటా నుంచి వచ్చిన మా ఇంజినీరింగ్ కాలేజీ నేస్తం ఒకడు పొద్దున్నే తార్నాకలో మా ఇంటికొచ్చాడు. పాత అలవాటు కొద్దీ ఇద్దరం ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకి బయల్దేరాం. ఆర్ట్స్ కాలేజీ దాటామో లేదో, "ఒరేయ్, పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ ఒకటి కొన్నాన్రా, పన్నెండు బోరు. గూస్ వేటకి ఏ తూటాలు వాడమంటావ్?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పొదల్లో నెమలి అరిచింది. ఇక్కడ ఆ పని చేస్తే జైలేరా అన్నాను :) 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో మన దగ్గర లైసెన్సు వేట కూడా పోయింది. చిత్రమేమిటంటే, అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళు నిషేధించిందీ 1991లోనే.

మావాడి బాధంతా ఆ నిషేధం మీదే. "వందేళ్ళు సీసం తిన్న తుపాకీ, ప్రభుత్వం చెడగొట్టింది" అంటాడు. నేనొప్పుకోను. చెరువు అడుగున పడ్డ గుళ్ళని బాతులు ఇసుకరాళ్ళనుకుని మింగుతాయి. కందనకాయలో అవి అరిగి సీసం రక్తంలో కలుస్తుంది. గురి తప్పిన గుండు కూడా చంపుతుందన్నమాట. ఆ పక్షిని తిన్న గద్దకీ అదే గతి.

మరి సీసం బదులు స్టీలు వాడొచ్చుగా అంటారా? కొత్త తుపాకీకైతే భేషుగ్గా వాడొచ్చు. సీసం సాంద్రత 11.3, స్టీలుది 7.8. తేలిక కాబట్టి రెండు సైజులు పెద్ద గుళ్ళు వాడాలి. అసలు చిక్కు గట్టిదనం. సీసం నలుగుతుంది, స్టీలు నలగదు. మూతి బాగా బిగించిన పాత గొట్టంలోంచి దూసుకెళ్తే గొట్టమే ఉబ్బొచ్చు.

ఇంకో మోసం ఉంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటి చాంబరు రెండున్నర అంగుళాలే. ఇప్పటి మామూలు తూటా రెండుంముప్పావు. అయినా చక్కగా లోపల పడుతుంది! ఎందుకంటే పెట్టె మీద రాసేది పేలాక మూత విచ్చుకున్నప్పటి పొడవు. విచ్చుకోడానికి చోటు లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కంపైలైంది కదా అని కోడ్ తిన్నగా ప్రొడక్షన్లో పెట్టేవాళ్ళకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

మా తాతయ్య ఎడమచేతికి రెండు వేళ్ళు ఉండేవి కావు. నల్లమందు కాలంనాటి డమాస్కస్ గొట్టం, అందులో ఎవరో ఇచ్చిన కొత్తరకం తూటాలు. నాలుగు బాగానే పేలాయట. ఐదోదానికి గొట్టం చీలింది. "పట్టింది కదరా" అనేవాడు ఎప్పుడడిగినా.

అందుకే నా మాట ఇది. ముందు గన్‌స్మిత్ చేత చాంబరు పొడవు, గొట్టం మందం కొలిపించాలి. డమాస్కస్ అయితే గోడకి తగిలించుకోవడం మేలు. గొట్టం మంచిదని తేలితే చాంబరుకి సరిపడే పొడవున్న, తక్కువ ఒత్తిడి బిస్మత్ తూటాలు వాడాలి. బిస్మత్ స్టీలుకన్నా బరువు, స్టీలంత గట్టిగా ఉండదు. దూరపు పక్షి జోలికి పోకూడదు.

"అవి చాలా ఖరీదురా" అన్నాడు. నిజమే. కానీ గూస్ వేటలో రోజంతా కూర్చున్నా పేల్చేవి గుప్పెడు. పాత తుపాకీ మీద ముచ్చట మనదైనప్పుడు దాని ఖర్చూ మనమే పెట్టుకోవాలి గానీ, చెరువు మీదా పక్షుల మీదా రుద్దితే ఎలా? అంత పెట్టలేకపోతే వేటకి కొత్త తుపాకీ, గోడకి పాతది.

తిరిగొచ్చి తార్నాకలో చాయ్ తాగుతుంటే వాడు అడిగింది ఒక్కటే: "తాతయ్యవి ఏ వేళ్ళురా?" చూపించాను. కొలిపించాకే పేలుస్తానని మాటిచ్చాడు.

మరి మీరేమంటారు?