ఒక్క కొలత విలువ

రాళ్లలో, మట్టిలో, నీటిలో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో, అవి ఎక్కడి నుంచి ఎక్కడికి చేరుతున్నాయో పరిశీలించేది భూరసాయన శాస్త్రం. ఈ రంగంలో కృషి చేస్తున్న అంతర్జాతీయ సంస్థ జియోకెమికల్ సొసైటీ ఏటా ఎఫ్.డబ్ల్యు. క్లార్క్ పురస్కారాన్ని అందజేస్తుంది. ఇది పరిశోధనా జీవితపు తొలి దశలో ఉన్నవారికే లభిస్తుంది. దీని నియమం గమనించదగినది. అభ్యర్థి ఎన్ని వ్యాసాలు రాశారన్న లెక్క ఇక్కడ ప్రధానం కాదు. ఒకే ఒక్క విశిష్టమైన కృషిని చూస్తారు. అది ఒక వ్యాసం కావచ్చు, ఒకే అంశంపై వెలువడిన కొన్ని వ్యాసాలు కావచ్చు.

ఫ్రాంక్ విగ్గిల్స్‌వర్త్ క్లార్క్ (1847–1931) అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థలో 1883 నుంచి సుమారు నాలుగు దశాబ్దాలు ప్రధాన రసాయనవేత్తగా పనిచేశారు. భూమి పైపొర దేనితో నిర్మితమైందో తేల్చడానికి రాళ్ల విశ్లేషణలను ఓపికగా సేకరించారు. హెన్రీ వాషింగ్టన్‌తో కలిసి 1924లో ప్రచురించిన అధ్యయనంలో 5,159 విశ్లేషణల సగటు తీశారు. అగ్నిశిలల బరువులో దాదాపు 47 శాతం ఆక్సిజన్, 28 శాతం సిలికాన్ అని తేలింది. మనం పీల్చే ఆక్సిజనే ఇతర మూలకాలతో కలిసి, మన కాళ్ల కింది రాతిలో సగానికి దగ్గరగా ఉన్నదన్నమాట!

ఇటువంటి కొలతలతో సామాన్య కుటుంబానికి ఏమి సంబంధం? నల్గొండను తలచుకుంటే చాలు. అక్కడి గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలిసింది. ఏళ్ల తరబడి ఆ నీరు తాగిన ఎందరికో పళ్లు పాడయ్యాయి, ఎముకలు వంగిపోయాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కంటికి, నాలుకకు అందని ఈ తేడాను పట్టేది ప్రయోగశాలలోని కొలతే.

అయితే అటువంటి కొలత నేర్వడానికి ఏళ్లు పడుతుంది. తోటివారు ఉద్యోగాల్లో స్థిరపడుతుండగా, మన బిడ్డ ముప్ఫయ్యో ఏట కూడా పరిశోధనలోనే ఉంటే బంధువులు “ఇంకా చదువేనా?” అంటారు. ఆడపిల్లయితే ఆ మాట మరింత కటువుగా వినిపిస్తుంది. సరిగ్గా ఆ వయసులోనే క్లార్క్ పురస్కారం యువ పరిశోధకులను గుర్తిస్తోంది.

పురస్కారం అందరికీ దక్కదు. ఇంటి ఆదరణ మాత్రం ప్రతి పరిశోధకుడికీ, పరిశోధకురాలికీ దక్కవచ్చు. ఈసారి వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జీతం సంగతి కాసేపు పక్కనపెట్టి, “ఇప్పుడు ఏం కొలుస్తున్నావు?” అని అడుగుదాం. వారు చెప్పేది చివరిదాకా విందాం.