నీళ్లు ఆపితే జరిమానా వసూలయిద్దా?

2024 డిసెంబరులో మన హైకోర్టులో హెల్మెట్ల కేసు నడుస్తుంటే ఒక మాట బయటికొచ్చింది. చలానాలు కట్టనోళ్లకి కరెంటు, నీళ్లు ఆపితే ఎట్టుండిద్దని. హెల్మెట్ లేక కుర్రోళ్లు చచ్చిపోతున్నారన్న బాధలోంచి వచ్చిన మాటే, కాదనను. కానీ మా నాగాయలంక పక్క ఊళ్లలో కుళాయి పంచాయతీది. బండి కొడుకుది, చలానా కొడుకుది, బిందె పట్టుకుని నిలబడేది తల్లి. చుట్టూ ఉప్పునీళ్లున్న చోట మంచినీళ్లు ఆపడం అంటే ఏంటో దివిసీమోళ్లకి ఒకరు చెప్పక్కర్లా.

బాకీ వదిలేయమని నేను అనట్లా. వసూలు చేసే పద్ధతి గురించే నా పేచీ.

తెలంగాణ ఇంకో దారి పట్టింది. 2022 మార్చిలో టూవీలర్ల పాత చలానాల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం. జనం ఎగబడి కట్టారు. బాగానే ఉంది. మరి చలానా వచ్చిన వారానికే నిండుగా కట్టినోడు ఎవడు? వెర్రోడా? రెండుసార్లు తగ్గించాక మూడోసారి కోసం చూడకుండా ఎవడు కడతాడు చెప్పండి.

ఇక్కడ ఒక తేడా తెలియాలి తమ్ముళ్లూ. చలానా అంటే శిక్ష కాదు. తప్పు ఒప్పుకుంటే కట్టు, లేదంటే కోర్టులో చెప్పుకో అనే కాయితం అది. కోర్టు వేసిన జరిమానా వేరే. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న కేసులో 5,000 రూపాయల దాకా కట్టకపోతే రెండు నెలల దాకా, 10,000 దాకా అయితే నాలుగు నెలల దాకా సాధారణ జైలు వెయ్యొచ్చని భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్‌లో ఉంది. అంటే డబ్బున్నోడు ఆ పూటే కట్టి ఇంటికి పోతాడు. రొయ్యల చెరువు కాడ కాపలా కాసేవాడు లోపలికి పోతాడు. తప్పు ఒకటే.

అయితే ఇదే చట్టాల్లో పేదోడికి పనికొచ్చే ముక్కలు కూడా ఉన్నాయి. వాటినే ఎవరూ పైకి చదవరు. జరిమానా, అది కట్టకపోతే జైలు అని మాత్రమే శిక్ష పడితే, 30 రోజుల గడువు ఇవ్వొచ్చు, లేదా రెండు మూడు వాయిదాల్లో కట్టించుకోవచ్చు. ఇది భారతీయ నాగరిక సురక్షా సంహిత 464వ సెక్షన్. బాండు రాసివ్వాలి, అంతే. 461వ సెక్షన్ ప్రకారం కోర్టు కలెక్టరుకి వారెంటు పంపి, భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించొచ్చు. ఆ వారెంటు పేరు చెప్పి మనిషిని అరెస్టు చెయ్యకూడదని కూడా అందులోనే రాసుంది. వాయిదాలు ఇవ్వమని నిలబడి అడిగితేనే గదా ఇచ్చేది! బోనులో నిలబడ్డ మనిషికి గొంతే పెగలదు. అందుకే ఉచిత లాయరుండాలి. ఆ సాయానికి ఫోన్ నంబరు 15100.

కట్టాలనుకున్నోడి తిప్పలు చూద్దాం. ఎదురుమొండి మనిషి ఏటిమొగ దగ్గర పంటు దాటాలి, నాగాయలంక రావాలి, అక్కణ్ణించి అవనిగడ్డ కోర్టుకి పోవాలి. ఆ రోజు కూలి పోయిద్ది, చార్జీలు అదనం. 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా సచివాలయం ఉంది కదా. కోర్టు అనుమతితో అక్కడే డబ్బు తీసుకుని రసీదు ఇస్తే ఏం పోయింది? ఎంత బాకీ, ఏ తేదీలోపు కట్టాలి, వాయిదాలు ఎట్టా అడగాలి అని తెలుగులో ఒక కాయితం ఇంటికి చేరిస్తే సగం మంది వాళ్లంతట వాళ్లే కడతారని నా నమ్మకం. పేర్లు గోడకి అంటించకూడదు. పింఛనుకీ, రేషనుకీ, నీళ్లకీ దీన్ని ముడిపెట్టకూడదు.

వసూలైన దాంట్లో పంచాయతీకి వాటా ఇవ్వాలని కొందరు అంటారు. నాకు భయం. అమెరికాలో ఫెర్గూసన్ అని ఒక ఊరుంది. జనాభా 21 వేలు. ఆ పురపాలక సంస్థ జరిమానాల మీదే బడ్జెట్ లెక్కలు వేసుకుంది. పోలీసులు రోడ్డు మీద వేట మొదలెట్టారు. 2014 డిసెంబరు నాటికి ఆ ఊరి కోర్టు వారెంట్లు 16 వేల మందికి పైగా జనం మీద పెండింగులో ఉన్నాయి. అందులో పక్క ఊళ్లోళ్లూ ఉన్నార్లే. అమెరికా న్యాయశాఖే 2015 మార్చిలో నివేదిక రాసి కడిగేసింది. మా పంచాయతీకి వీధిలైట్ల బిల్లు కట్టే డబ్బు రావాల్సింది పన్నుల్లోంచి, ఆర్థిక సంఘం నిధుల్లోంచి. మా కుర్రోళ్ల తప్పుల్లోంచి కాదు.

ఇంకో సంగతి. 2023లో కేంద్రం పేద ఖైదీలకి సాయం అని పథకం పెట్టింది. శిక్ష పడి, జరిమానా కట్టలేక లోపలే ఉన్నోళ్లకి 25,000 రూపాయల దాకా సర్కారే కడతది. మాదకద్రవ్యాల కేసుల్లాంటి కొన్నిటికి వర్తించదు. జిల్లాలో కలెక్టరు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, ఎస్పీ, జైలు అధికారి, ఒక జడ్జి ఉండే కమిటీ తేల్చాలి. కృష్ణా జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతమందికి జరిమానా కట్టింది అని మచిలీపట్నం కలెక్టరేట్‌కి సమాచార హక్కు అర్జీ పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఇంట్లో ఉంటే ఆ పదీ అక్కర్లా. నేను ఒకటి రాస్తున్నా. అవనిగడ్డ, కోడూరు, మోపిదేవి నుంచి కూడా తలా ఒకటి పడితే బాగుండిద్ది.