టు-లెట్ నిఘంటువు (మూడో విడత)

హాస్టల్ సీటు రాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మళ్ళీ బస్సెక్కి హైదరాబాద్ వస్తున్నారు. రూమ్ వెతకబోయే ముందు ఈ మాటల అర్థాలు చూసుకోండి. అకారాది క్రమం లేదు, గుర్తొచ్చిన వరసలో రాశాను.

అశోక్‌నగర్: గ్రూప్స్ మెటీరియల్‌తో కట్టిన పేట. మంచం పట్టినంత జాగాని సింగిల్ రూమ్ అంటారు. ఆర్టికల్ 17 ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. అంటరానితనం రద్దయిందని టిక్కు పెడితే మార్కు కూడా వస్తుంది.

ప్యూర్ వెజ్ ఓన్లీ: కూర గురించిన మాట కాదు. రాత్రి పదింటికి చికెన్ ఆర్డర్ పెట్టుకునే ఓనరు గారబ్బాయికి వర్తించదు.

ఇంటిపేరు: ఫోన్ నంబరు కంటే ముందు అడిగేది. దాంతో తేలకపోతే "మీదే ఊరు?", ఆనక "ఊళ్ళో ఎటువైపు?", "నాన్నగారేం చేస్తారు?", "ఆదివారం చర్చికెళ్తారా?". కులం అనే మాట మాత్రం ఒక్కసారీ రాదు. ఎంత మర్యాదో! నేను మొదటిసారి గది వెతికినప్పుడు ఒక పెద్దావిడ కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. గది చూపించింది, అడ్వాన్స్ కూడా మాట్లాడుకున్నాం. అప్పుడడిగింది ఇంటిపేరు. చెప్పాను. "అయ్యో, మా వాడు ఎవరికో మాటిచ్చేశాడు బాబూ" అంది. లేవబోతుంటే, కుళాయి చూపించి గ్లాసు కడిగి పెట్టమంది. నెల తర్వాత అటువైపు వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది. ఆ గ్లాసు కడిగినందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

మంచి ఏరియా: మనవాళ్ళుండే ఏరియా. "మన"లో మీరు లేరు.

జూబ్లీహిల్స్: మనవాళ్ళకి వెనక గేటు బాగా తెలిసిన చోటు. వంట, డ్రైవింగ్, తోటపని.

అంబేద్కర్: హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల విగ్రహం, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. పక్కనున్న సెక్రటేరియట్‌కీ ఆయన పేరే. 1917లో కొలంబియాలో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరినప్పుడు మాత్రం ఆయనకి ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. విగ్రహానికి జాగా దొరికింది, సంతోషం.

భాగ్యరెడ్డి వర్మ: అదే 1917లో బెజవాడ సభలో "పంచములు" అన్న పిలుపు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని తేల్చిన హైదరాబాదీ. ఒక మాటకి అర్థం మార్చడమంటే అది. నాలాగా ఊరికే వెటకారం చేయడం కాదు.

గబ్బిలం: జాషువా కావ్యంలో, గుడి మెట్లెక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని పంపిన దూత. గబ్బిలాల్లో పళ్ళు తినేవి ఉన్నాయి కాబట్టి వాటికి ప్యూర్ వెజ్ పోర్షన్ దొరకొచ్చు.

వెలివాడ: పాత అర్థం, ఊరి బయటి పేట. కొత్త అర్థం, 2016 జనవరిలో హెచ్‌సీయూ క్యాంపస్ మధ్యలో వెలిసిన గుడారం. హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన ఐదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లు చలిలో అక్కడే పడుకున్నారు. ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నదే. ఆ నెల 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. ఈ మాటకి వెటకారపు అర్థం రాద్దామని మూడు రోజులు కూర్చున్నాను. రాలేదు.

మీరు గేటు దగ్గర విన్న మాటలేమైనా ఉంటే పంపండి, నాలుగో విడతలో వేస్తాను. ఖాళీ గది ఎక్కడైనా ఉంటే ముందు అది చెప్పండి. ఇద్దరు చెల్లెళ్ళు సోమవారం దిగుతున్నారు.