బాకా ఊదినవాడి మాట

పోయిన నెల ఈ శీర్షిక క్రింద మన పెండ్లి పందిళ్లను గురించి నాలుగు మాటలు వ్రాశాను. దానికి వచ్చిన జాబులలో ఒకటి నన్ను రెండు రోజులు ఊరకే ఉండనివ్వలేదు. హోసూరు వైపునుండి ఒక తల్లి వ్రాసినది. వారి అబ్బాయికి పదేండ్లు. బడిలో కొత్తగా బాండు పెట్టినారట. తాను ట్రంపెట్టు పట్టుకుంటానని అబ్బాయి పట్టుబట్టినాడట. "మా మామగారు వద్దంటున్నారు. బాకా ఊదితే రొమ్ము చెడుతుందనీ, క్షయ వస్తుందనీ, అన్నిటికంటె ముఖ్యం అది మన ఇంటి పిల్లలు చేసే పని కాదనీ అంటున్నారు. మీరు పటాలం బాండులో పనిచేసినవారు గదా, ఏమంటారు?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ మామగారు లేవదీసినవి రెండు సంగతులు. ఒకటి ఒంటిది, రెండవది పరువుది. మొదటిదానికి జవాబు సులభం. రెండవదానికి జవాబు చెప్పాలంటే నా సొంత కథ కొంత విప్పక తప్పదు.

మన భాష కూడా ఈ వాద్యాలకు పెద్ద మర్యాద చేయలేదు. ఎవడైనా ఒకరిని పొగడుతూ తిరిగితే "బాకా ఊదుతున్నాడు" అంటాము. తన్ను తానే పొగడుకుంటే "డబ్బా కొట్టుకుంటున్నాడు" అంటాము. నేను ఇరవైరెండేండ్లు నిజంగానే బాకా ఊదినవాణ్ణి. ఆ కాలంలో ఎవరినీ పొగడలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఊపిరంతా గొట్టంలోకే సరిపోయేది!

మాది బెంగుళూరు దండు ప్రాంతం. మా ముత్తాతలు చిత్తూరు సీమనుండి వచ్చి స్థిరపడినారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో తమిళం. 1959లో, నా పదమూడవ ఏట, బడిలో స్కౌటు పిల్లలకని ఒక బ్యూగిలు వచ్చింది. దానికి మీటలు లేవు, రంధ్రాలు లేవు. వట్టి వంచిన గొట్టం. పెదవి బిగింపుతోనూ, ఊపిరి జోరుతోనూ స్వరం మార్చుకోవాలి. మన లెక్కలో చెప్పాలంటే షడ్జం, పంచమం, పై షడ్జం, దానిపై గాంధారం, పంచమం. ఈ ఐదు స్వరాలతోనే పటాలంలో మేలుకొలుపు దగ్గరనుండి చనిపోయినవారికి సమర్పించే చివరి పలుకు వరకు అన్నీ నడుస్తవి. ఐదు స్వరాలతో ఇంత పని జరుగునా అని ఆ వయసులో నాకు పట్టిన ఆశ్చర్యం ఇంకా వదలలేదు.

నేను దానిని ఇంటికి తెచ్చిన నాడు మా నాయన వసారాలో కూర్చుని ఉన్నారు. చేతిలోనిది చూచి, "ఎంగిలి వాద్యం ఇంట్లోకి తేవద్దు. మనం పెండ్లికి మేళాన్ని పిలుస్తాముగాని, మేళానికి మనం పోతామా?" అన్నారు. కేక వేయలేదు. మామూలుగానే అన్నారు. అందువల్లనే ఆ మాట నాకు ఇంత కాలం గుర్తుండిపోయింది. గోడమీద వేణువు పట్టుకున్న గోపాలుని పటం ఉన్నది. ఆ సంగతి అడగడానికి నాకప్పుడు ధైర్యం చాలలేదు.

1964లో పటాలం బాండులో చేరాను. సర్కారు కొలువు, నెల జీతం, పింఛను అనేసరికి నాయన ఒప్పుకున్నారు. "బాండులో" అని మాత్రం బంధువులతో చెప్పేవారు కారు. "మిలిటరీలో" అని ఊరుకునేవారు. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కొండమీద పటాలం సంగీతగాండ్లకు శిక్షణ ఇస్తారు. నన్నూ అక్కడికి పంపినారు. అక్కడ నా చేతికి వచ్చినది యుఫోనియం. ఒళ్లో పసిబిడ్డలా ఎత్తుకోవలసిన వాద్యం. చుట్టలు విప్పి పరిస్తే దాని గొట్టం సుమారు తొమ్మిది అడుగులు. మూడు మీటలు. ఒకటి నొక్కితే స్వరం ఒక మెట్టు దిగుతుంది, రెండవదానికి అర మెట్టు, మూడవదానికి ఒకటిన్నర. 1818 ప్రాంతంలో జర్మనులు ఈ మీటలను కనిపెట్టకపోతే మేమందరమూ ఆ ఐదు స్వరాలతోనే ఆగిపోయేవారము.

యుఫోనియానికి పైపాట తరచుగా రాదు. కార్నెట్లు పాట పాడుతుంటే దాని క్రింద వేరొక నడక నడవడం మా పని. చేరిన కొత్తలో నాకిది చిన్నతనంగా ఉండేది. ఒకనాడు అభ్యాసంలో మా మేస్టరు మమ్మల్ని ఆపివేయించి కార్నెట్లను మాత్రం వాయించమన్నారు. పాట ఉన్నది, నిలబడడానికి నేల లేదు. అప్పుడు బోధపడింది. అందరూ పైపాటకే ఆశపడితే అది బాండు కాదు, సంత.

నడుస్తూ వాయించడం వేరొక విద్య. వడి నడకలో నిమిషానికి సుమారు 120 అంగలు, అంటే అంగకు అర సెకండు. శబ్దమో, సెకండుకు సుమారు 1,100 అడుగులు పోతుంది. నూటపది అడుగుల పొడవున బారులు తీరిన బాండులో వెనుక కొట్టిన దెబ్బ ముందు వరుసకు చేరడానికి సెకండులో పదవవంతు పడుతుంది. అంగలో ఐదవవంతు అక్కడే పోయిందన్నమాట. చెవిని నమ్మినవాడు ఆలస్యమవుతాడు. అందుచేత కంటితో కాలాన్ని పట్టుకోవాలి: ముందు నడిచే డ్రమ్ మేజరు దండాన్ని, ప్రక్కవాని కాలిని చూడాలి. ట్రాంబోనులను ముందు వరుసలో పెట్టడానికి కూడా కారణం ఉన్నది. వెనుక ఉంటే, జారే గొట్టం ముందువాని వీపున పొడుస్తుంది!

1974 జనవరి 29వ తేదీన ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్‌కు వెళ్లిన బాండులలో మాదీ ఒకటి. చలికి మీటలు బిగిసినవి. లోహం చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. కనుక వంతు వచ్చేదాకా గొట్టంలోకి చప్పుడు లేకుండా వేడి ఊపిరి పోస్తూ నిలబడినాము. పొద్దు వాలేవేళ, గంటల నాదం తోడుగా "అబైడ్ విత్ మి" అనే క్రైస్తవ కీర్తన వాయించినాము. అది గాంధీగారికి ఇష్టమైన పాట. 2022లో దానిని తీసివేసి "ఏ మేరే వతన్ కే లోగో" చేర్చినారు. చేర్చిన పాట మంచిదే. తీసిన పాట కూడా మనదే అయిపోయినదని నా అభిప్రాయం. ఒక చలి సాయంకాలం వేలమంది చేత మాట్లాడకుండా నిలబడనిచ్చిన పాటకు పుట్టిల్లు ఎక్కడని నేను అడగను.

అసలు బాండు మనకు అంత పరాయిది కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి బాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చినారు. నొట్టుస్వరాలనే పేరుతో నలభైకి దగ్గరగా ఉన్నవి. వాటిలో ఒకటి సాక్షాత్తు ఇంగ్లండు రాజుగారి గీతపు మెట్టే. తంజావూరులో శరభోజి మహారాజు కొలువులో బాండు ఉండేది. మైసూరులో ఇప్పటికీ పోలీసు బాండువారు ఇంగ్లీషు బాండు, కర్ణాటక బాండు అని రెండూ నడుపుతున్నారు. త్యాగరాజస్వామి తెలుగు మాట ఇత్తడి గొట్టంలో పలకడం నేను విన్నాను. గమకం మీటకు లొంగదు గాని, పెదవికి కొంత లొంగుతుంది.

ఇక పరువు సంగతి. 1971లో మా చెల్లెలి పెండ్లి. నేను సెలవుమీద వచ్చి ఉన్నాను. నాయన నన్ను ఉడుపుతోనే ముందు వరుసలో కూర్చోబెట్టి, వచ్చినవారందరికీ "మావాడు మిలిటరీ" అని చూపించినారు. ఊరేగింపుకు పిలిచిన బాండులో యుఫోనియం ఊదినాయన నా తండ్రి వయసువాడు. ఊరేగింపు పొడుగునా రెండు గంటలు ఆయన ఒక్క స్వరం తప్పలేదు. నేను వాయించిన వాద్యమే, నాకంటె బాగుగా వాయించినాడు.

పంక్తులన్నీ లేచినాక వారికి పందిరి వెనుక, గాడిపొయ్యి ప్రక్కన ఆకులు వేసినారు. అప్పటికి పప్పు అయిపోయింది. చారు, అన్నం మాత్రం మిగిలినవి. నేను చేయి కడుక్కోవడానికి అటు పోయి చూచాను. ఆయన నన్ను చూచి, నా ఉడుపుమీది బాండు గుర్తు చూచి, నవ్వి, కొద్దిగా జరిగి చోటిచ్చినాడు. నేను కూర్చోలేదు. "తర్వాత వస్తా"నని చెప్పి వచ్చివేశాను. తర్వాత వెళ్లలేదు. నా చాకిరీలో తప్పిన స్వరాలు ఎన్నో ఉన్నవిగాని, వాటిలో ఒక్కటీ ఇంతగా గుర్తు లేదు.

1998లో మా అమ్మాయి పెండ్లినాడు బాండువారిని మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టినాము. మా ఆవిడ స్వయంగా నేయి వడ్డించింది. పెద్దలు ఇద్దరు భోంచేయకుండా లేచిపోయినారు. వారిలో ఒకరు నాతో మరల మాట్లాడలేదు. నాయన అప్పటికి లేరు. ఉంటే ఏమనేవారో నేను ఊహించి వ్రాయను.

మా చెల్లెలి మనవడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ డ్రమ్ కోర్ అని ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం నుండి తిరిగివచ్చిన సిపాయిలు బ్యూగిళ్లూ డోళ్లూ పట్టుకుని ఊరూరా పెట్టిన జట్లనుండి వచ్చినది. క్లారినెట్టు, పిల్లనగ్రోవి ఉండవు. ఇత్తడి, డోళ్లు ముఖ్యం. మొదట మీటలే లేని బ్యూగిళ్లు. తర్వాత ఒక మీట, రెండు, 1990లో మూడు. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ అనే ఊళ్లో పెద్ద జాతీయ పోటీ మొదలైనది. ఇరవై చిల్లర ఏండ్లలోపు పిల్లలు వేసవి అంతా బస్సులలో తిరుగుతూ, బడుల వ్యాయామశాలలలో నేలమీద పడుకుంటూ, పగలంతా ఎండలో అభ్యాసం చేస్తారు. జీతం లేదు సరికదా, తల్లిదండ్రులే రుసుము కట్టి పంపుతారు. మావాడు పెట్టెలో చూపించినాడు. ఆ పిల్లల పెదవులమీద వాద్యం నొక్కిన గుండ్రని గుర్తు చూచి నాకు కంట నీరు తిరిగింది. అక్కడ పిల్లవాడు బాకా ఊదాలని తల్లిదండ్రులు డబ్బు కడతారు. ఇక్కడ ఊదినవానికి డబ్బు ఇచ్చి, పందిరి వెనుక ఆకు వేస్తాము. గొట్టం ఒక్కటే.

ఇప్పుడు ఆ ఆకు కూడా తగ్గుతున్నది. బండిమీద పెద్ద పెట్టెలు కట్టి, జనరేటరు పెట్టి, గుండెలు అదిరేట్టు పాటలు వేసుకుంటున్నారు. నేను దానిని తిట్టను. కుర్రవాండ్లకు ఆనందం కావాలి. కాని ఆ పెట్టెకు ఆకలి వేయదు, మన వీధిలో దానికి పిల్లలు లేరు. పది ఇండ్ల పొయ్యి వెలిగించే వాద్యాన్ని మాన్పించేముందు ఒక్కసారి ఆలోచించండి.

ఇక ఆ తల్లి మొదటి ప్రశ్న. క్షయ క్రిమివల్ల వస్తుందిగాని బాకావల్ల రాదు. సరిగా నేర్చుకుంటే ఊపిరి పట్టు పెరుగుతుంది. గొట్టంనుండి కారే నీటిని చూచి ఎంగిలి అనుకుంటారు. చాలామట్టుకు అది ఊపిరిలోని ఆవిరి చల్లబడిన నీరే. అయినా ఒకరి మౌత్‌పీసు ఇంకొకరు పెట్టుకోరాదు. రోజూ కడగాలి. పాలపండ్లు పోయి ముందు పండ్లు గట్టిపడినాకనే మొదలుపెట్టాలి. మీ అబ్బాయి వయసు సరిపోయినది. మొదట పది నిమిషాలు చాలు, పెదవి నొప్పి పెడితే ఆపాలి. డోళ్ల ప్రక్కన నిలిచేటప్పుడు చెవులకు రక్షణ పెట్టించండి. మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు. నా ఎడమచెవి సగం అక్కడే పోయినది.

పండ్లను మాత్రం కాపాడుకోమనండి. 1986లో వానలో స్కూటరు జారి నా ముందు పండ్లు రెండు విరిగినవి. మరునాటినుండి నేను యుఫోనియగాణ్ణి కాను. మిగిలిన నాలుగేండ్లు బాండు గదిలో స్వరాల కాగితాలు కాపీ చేస్తూ గడిపి పింఛను పుచ్చుకున్నాను. కట్టుడు పండ్లతో జంతికలు తినగలను, షడ్జం నిలబెట్టలేను.

కాబట్టి అమ్మా, అబ్బాయిని పంపండి. మీ మామగారికి నా నమస్కారం చెప్పి, ఈ పుట చదివి వినిపించండి. అబ్బాయి మొదటి నెలలో ఊదేది ఇంటిల్లిపాదికీ ఎనుబోతు అరుపులాగే వినబడుతుంది. ఓర్చుకోండి. ఆ తర్వాత ఒకనాడు ఒక స్వరం శుద్ధంగా నిలుస్తుంది. ఆ నాడు మామగారు వసారాలో ఉండేట్టు చూచుకోండి.

మీ ఇంట రాబోయే శుభకార్యానికి బాండువారు వస్తే, వారి ఆకులు ఎక్కడ వేస్తున్నారో ఒకసారి వెళ్లి చూడండి. నేను వెళ్లి చూచి కూడా కూర్చోలేదు. మీ అబ్బాయిని వారి ప్రక్కన కూర్చోబెట్టండి.